డయాక్సిన్ పంది మాంసం, ఐర్లండ్ 2008: ఇప్పుడు మనం కొనే మాంసం సంగతేమిటి?

కార్క్_కాపురం
అందరికీ నమస్తే. ఐర్లండ్‌కి కొత్తగా వచ్చాం. మా ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో ఒక ఐరిష్ పెద్దాయన మాటల మధ్యలో 2008 సంగతి ఎత్తారు. క్రిస్మస్ ముందు దేశం మొత్తం మీద షాపుల్లోంచి పంది మాంసం తీయించేశారట, డయాక్సిన్ అనే విషం కలిసిందని. మేం పోర్క్ తినం. కానీ చికెన్, మటన్ వారానికి మూడు నాలుగు సార్లు ఉండాల్సిందే. ఇంటికొచ్చి ఫ్రీజర్‌లో ప్యాకెట్లు తీసి చూస్తే ఒక చికెన్ బ్రెజిల్‌ది, ఇంకోటి పోలండ్‌ది. ఎక్కడో పెరిగిన కోడి ఏం తిన్నదో మనకెలా తెలుస్తుంది?

అసలు అప్పుడేం జరిగింది? బాగా కడిగి, కుక్కర్‌లో ఎక్కువ విజిల్స్ రానిస్తే ఇలాంటివి పోతాయా? ఇంకో విషయం, మా అత్తగారు రోజూ ఫోన్ చేసి "అమ్మాయికి కార్జం పెట్టు నాయనా, రక్తం పడుతుంది" అంటున్నారు. పెట్టొచ్చా? నెట్‌లో వెతికితే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ తేలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లిఫీ_ఒడ్డు
తమ్ముడూ, ఆ రోజుల్లో నేను డబ్లిన్‌లోనే ఉన్నాను. 2008 డిసెంబరు 6, శనివారం. సాయంత్రం వార్తల్లో చెప్పారు: సెప్టెంబరు 1 నుంచి దేశంలో తయారైన పంది మాంసం ఏదీ తినొద్దు, ఇంట్లో ఉంటే పారేయండి, షాపుకి తిరిగి ఇచ్చేయండి అని. మరునాటికి సూపర్ మార్కెట్లో సాసేజీలు, రాషర్లు (బేకన్ ముక్కలు), హామ్ ఉండే అరలన్నీ ఖాళీ. ఇక్కడివాళ్ళకి క్రిస్మస్ హామ్ అంటే మనకి సంక్రాంతి అరిసెలతో సమానం, అది లేకుండా పండగేంటి అని జనం దిగాలుపడిపోయారు. నా రూమ్మేట్లు ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి ప్యాకెట్టూ తిప్పి, వెనక ఉండే అండాకారపు ముద్రలో ఏ దేశం కోడ్ ఉందో చూసుకుంటూ కూర్చున్నారు.

మాంసం ప్లాంట్లలో వెయ్యి మందికి పైగా పనివాళ్ళని ఇంటికి పంపేశారు. ప్రభుత్వం 18 కోట్ల యూరోల పరిహారం ప్రకటించాక గానీ ప్లాంట్లు మళ్ళీ తెరుచుకోలేదు. సరుకు అప్పటికే 20కి పైగా దేశాలకు వెళ్ళిపోయింది. విషం తేలింది మాత్రం పదో పన్నెండో ఫారాల్లోనే, మొత్తం పందుల్లో దాదాపు పదో వంతు.

లెక్క_తేల్చండి
అదే నాకు అర్థం కాదు. పదో వంతు పందుల్లో తేడా వస్తే మిగతా తొమ్మిది వంతుల రైతుల సరుకు కూడా చెత్తలో వేయించడం ఏం న్యాయం? ఆ తర్వాత యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా పెద్ద ప్రమాదం లేదనే చెప్పింది కదా. అనవసరంగా హడలెత్తించారేమో అనిపిస్తుంది.

పాడి_డాక్టరు
ముప్పై ఏళ్ళు పశువైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి, ఒంగోలు వైపు. ముందు జరిగింది చెప్తాను, న్యాయాన్యాయాలు తర్వాత చూద్దాం.

కార్లో అనే కౌంటీలో ఒక రీసైక్లింగ్ ప్లాంటు ఉండేది. బేకరీల్లో మిగిలిన బ్రెడ్డు, బిస్కెట్లు, పిండి తెచ్చి, ఆరబెట్టి, పొడి చేసి పశువుల దాణాగా అమ్మేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు, తిండి వృథా కాకుండా చేసే మంచి పనే. తప్పంతా ఆరబెట్టిన తీరులో ఉంది. నూనె మండించి, ఆ పొగని, ఆ వేడిని నేరుగా బ్రెడ్డు మీదికి వదిలేవాళ్ళు. మధ్యలో గోడ గానీ గొట్టం గానీ లేదు. ఆ మండించిన నూనెలో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ కలిసింది. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీలు అనే క్లోరిన్ రసాయనాలు ఉండేవి. అవి మండితే డయాక్సిన్లు, వాటి జాతివే అయిన ఫ్యూరాన్లు పుడతాయి. పొగలోంచి బ్రెడ్డు పొడిలోకి, అందులోంచి పంది కొవ్వులోకి, ఆ కొవ్వుతో మనిషి పళ్ళెంలోకి. ఎవరూ కావాలని కలపలేదు. దాణా కొన్న రైతుకి వాసన లేదు, రంగు తేడా లేదు, పందులు నిక్షేపంగా తిని పెరిగాయి.

ఇక అందరి సరుకూ ఎందుకు తీయించారంటే, కబేళా దాకా ఏ పంది ఏ ఫారందో తెలుసు. కోసి, ఎముక తీసి, సాసేజికి కీమా కొట్టే బల్ల మీదికి వచ్చాక పది ఫారాల మాంసం ఒకటైపోతుంది. ఈ ప్యాకెట్టు మంచిది, ఈ ప్యాకెట్టు చెడ్డది అని విడదీసే దారి లేకపోయింది. మిగతా రైతులకి అన్యాయం జరిగిన మాట నిజమే. ఆ అన్యాయం రీకాల్ వల్ల, అంటే సరుకు వెనక్కి రప్పించడం వల్ల కాదు, ప్లాంట్లలో లాట్లు విడివిడిగా ఉంచకపోవడం వల్ల.

జీసీఎంఎస్
హైదరాబాద్‌లో ఆహార పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మా పని మాంసం, పాలు, తేనె, రొయ్యల్లో అవశేషాలు చూడటం. కార్క్_కాపురం గారి రెండో ప్రశ్నకి ముందు సూటిగా జవాబు: పోవు. డయాక్సిన్ నీళ్ళలో కరగదు, కుక్కర్ వేడికి విరగదు. అది కొవ్వులో కూర్చుంటుంది. ఎన్ని విజిల్స్ వచ్చినా కూర మీద తేలే కొవ్వులో అది అలాగే ఉంటుంది. వంటగదిలో మనం చేయగలిగింది ఒక్కటే, కొవ్వు తీసేయడం. చికెన్ మనవాళ్ళు స్కిన్‌లెస్ కొంటారు, ఆ అలవాటు ఈ విషయంలో మంచిదే. చర్మం కిందే కోడి కొవ్వు ఎక్కువ.

లెక్క_తేల్చండి గారు లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెప్తాను. పంది మాంసానికి యూరప్ పరిమితి గ్రాము కొవ్వుకి 1 పికోగ్రాము. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఐర్లండ్ నమూనాల్లో పరిమితికి 80 నుంచి 200 రెట్లు కనిపించింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో వారానికి కిలో శరీర బరువుకి 2 పికోగ్రాములు మించకూడదని పెట్టింది. అంతకుముందు ఆ అంకె 14 ఉండేది, ఏడో వంతుకి దించారు. 60 కిలోల మనిషికి వారానికి 120 పికోగ్రాములు. 200 ఉన్న కొవ్వయితే అర గ్రాము కాస్త దాటగానే వారం కోటా అయిపోతుంది. పరిమితి లోపల ఉన్న మామూలు పోర్క్ అయితే 120 గ్రాముల కొవ్వు తింటే గానీ అక్కడికి చేరదు.

ఈ వారం కోటా దాటితే రేపు జబ్బు చేస్తుందని కాదు. డయాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 7 నుంచి 11 ఏళ్ళు పడుతుంది. ఏళ్ళ తరబడి పేరుకునే దానికి పెట్టిన కొలత ఇది. 2008లో ఆ సంస్థ చెప్పిందీ అదే: మూడు నెలల పాటు, తిన్న పోర్క్‌లో పదో వంతు కలుషితమైనదనుకుంటే, మామూలు మనిషి ఒంట్లో అప్పటికే ఉన్న నిల్వ మీద దాదాపు 10 శాతం పెరుగుతుంది, ఒక్కసారి జరిగే దానికి ఆందోళన అక్కర్లేదు అని. ఆ మాటలో "మూడు నెలలు", "ఒక్కసారి" అన్నవే కీలకం. నవంబరు చివర్లో ఒక మామూలు తనిఖీలో పంది కొవ్వులో పీసీబీలు పట్టుబడకపోతే అది మూడు నెలలతో ఆగేదా? ముప్పు తక్కువగా ఉండటానికి కారణమే ఆపేయడం. దాన్ని చూపించి ఆపడం అనవసరం అనడం నాకు ఒప్పు కాదు.

సాల్మియా_చెఫ్
కువైట్ నుంచి. మా దగ్గర లేబర్ క్యాంపుల మెస్సుల్లో వాడేది ఎక్కువగా బ్రెజిల్ ఫ్రోజెన్ చికెన్. కార్టన్లకి కార్టన్లు దిగుతుంది. కడప, రాజంపేట, సిరిసిల్ల, జగిత్యాల పిల్లలంతా ఏళ్ళ తరబడి అదే తింటారు. వాళ్ళకి ఎంచుకునే వీలు కూడా లేదు, మెస్సులో వండిందే తినాలి. అందులో ఏముందో ఎవరు చూస్తారు సార్? దిగుమతి చేసుకున్న దేశమా, పంపిన దేశమా?

జీసీఎంఎస్
ఇద్దరూ చూడాలి. కానీ రెండు వైపులా పరీక్షించేది నమూనాలనే, ప్రతి కార్టన్‌నీ కాదు. డయాక్సిన్ పరీక్ష ఎందుకు తక్కువ జరుగుతుందో మా బల్ల దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. మాంసంలోంచి కొవ్వు తీస్తాం. అందులో ముందుగా కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) తో గుర్తు పెట్టిన డయాక్సిన్ లెక్కగా కలుపుతాం, దారిలో ఎంత పోయిందో చివర్లో తెలుసుకోవడానికి. తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్ పట్టించిన సిలికా గుండా దాన్ని దింపుతాం. తెల్లటి సిలికా పైనుంచి కిందికి గోధుమరంగు, ఆపైన నల్లగా మారుతూ వస్తుంది, యాసిడ్ కొవ్వుని తినేస్తుంది. డయాక్సిన్‌ని మాత్రం అది ఏమీ చేయలేదు, అంత మొండిది. ఆ తర్వాత ఇంకో రెండు కాలమ్‌లు. గ్లాసు నిండా ఉన్న కొవ్వు చివరికి సీసా అడుగున కంటికి ఆనని బొట్టు అవుతుంది. అది అణువుల బరువుని బట్టి ఏది ఎంత ఉందో చెప్పే, కోట్ల ఖరీదు చేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తుంది. ఒక బ్యాచ్‌కి రోజులు పడతాయి. అందుకే చాలా చోట్ల ముందు చవకైన పీసీబీ పరీక్ష చేస్తారు, అది ఎక్కువ చూపిస్తేనే డయాక్సిన్‌కి పంపుతారు. ఐర్లండ్‌లో పట్టుబడింది ఈ దారిలోనే. ఖాయం చేసిన ఫలితం ఇంగ్లండ్‌లోని యార్క్ ల్యాబ్ నుంచి వచ్చింది, ఆ శనివారం నాడే.

కొనే దేశం పట్టుకున్న సందర్భం కూడా ఉంది. 2008లోనే చిలీ నుంచి వచ్చిన పంది మాంసంలో దక్షిణ కొరియా డయాక్సిన్ కనిపెట్టింది. వెనక్కి వెళ్ళి చూస్తే, దాణాలో ఖనిజం కోసం కలిపే జింక్ ఆక్సైడ్ దగ్గర తేలింది. లోహాలు కరిగించే పరిశ్రమ నుంచి వచ్చిన సరుకది. కొరియాలో ల్యాబ్ లేకపోతే చిలీలో ఎవరికీ తెలిసేది కాదు. కువైట్ మెస్సులో తినే కుర్రాడికి రక్ష కూడా అలాంటి ల్యాబే.

సాత్విక_భోజనం
ఇన్ని తిప్పలెందుకండీ? మాంసం మానేస్తే సరిపోతుంది. పప్పు, కూరలు, పాలు, పెరుగు, నెయ్యి చాలవా?

పాడి_డాక్టరు
మీ భోజనం మీద నాకు గౌరవమే. కానీ డయాక్సిన్ కొవ్వు వెంట పోతుంది, పాలలోనూ కొవ్వు ఉంటుంది, నెయ్యి అయితే పూర్తిగా కొవ్వే. 1998లో జర్మనీలో పాలలో డయాక్సిన్ పెరిగిందని గమనించి వెతికితే, బ్రెజిల్ నుంచి వచ్చిన నారింజ పిప్పి గుళికలు బయటపడ్డాయి. జ్యూసు తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఆవుల దాణాగా ఓడల్లో పంపుతారు. పిప్పిలో తేమ పోవడానికి కలిపిన సున్నం ఒక రసాయన పరిశ్రమ వ్యర్థం నుంచి వచ్చింది. బ్రెజిల్ తోట, జర్మనీ ఆవు, మధ్యలో సున్నం. మాంసం దాటకపోయినా దాణా సముద్రం దాటుతుంది.

మన దేశం పేరు కూడా ఒకసారి ఈ జాబితాలోకి ఎక్కింది. 2007లో మనం పంపిన గోరుచిక్కుడు గింజల జిగురు, అదే గ్వార్ గమ్‌లో పెంటాక్లోరోఫినాల్ అనే పురుగుమందు, దాంతోపాటు డయాక్సిన్ పట్టుబడ్డాయి. పెరుగు, సాస్, మాంసం వంటకాలు చిక్కబడటానికి వాడే పొడి అది, పూర్తి శాకాహారం. ఆ తర్వాత మన సరుకుకి పరీక్ష సర్టిఫికెట్ లేనిదే యూరప్ గుమ్మం దాటనివ్వలేదు.

లెక్క_తేల్చండి
సరే, ఆపడం తప్పు కాదని ఒప్పుకుంటాను. మరి పట్టుబడకముందు తిన్నవాళ్ళ సంగతి? 1999లో బెల్జియంలో ఇంతకంటే పెద్దది జరిగిందని విన్నాను. అక్కడ జనానికి ఏమైనా అయిందా?

పాడి_డాక్టరు
బెల్జియం సంగతి మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరూ మరచిపోకూడదు. 1999 జనవరిలో పాత వంట నూనెలు, కొవ్వులు పోగుచేసి దాణాకి అమ్మే చోట, సుమారు 50 కిలోల పీసీబీ నూనె కలిసింది. దాంట్లో ఉన్న డయాక్సిన్ అంతా కలిపితే ఒక గ్రాము. ఒక్క గ్రాము! దాంతో 500 టన్నుల దాణా తయారై, 2500 వరకు ఫారాలకు చేరింది.

మొదట చెప్పింది కోళ్ళే. ఫిబ్రవరిలో గుడ్లు పొదగడం తగ్గింది, పిల్లలు వాచిపోయి, ఒంట్లో నీరు చేరి చచ్చిపోయాయి. ఇది పాత జబ్బే. 1957లో అమెరికాలో విషం కలిసిన కొవ్వు తిని లక్షల కోళ్ళు ఇలాగే పోయాయి. మన బ్రాయిలర్ ఫారాల్లో పొట్టలో నీరు రావడం మామూలే, చలి, గాలి ఆడకపోవడం లాంటి వేరే కారణాలు బోలెడు. కాబట్టి రైతులు కంగారు పడక్కర్లేదు. కానీ కొత్త దాణా లాటు దింపిన వెంటనే మంద మొత్తంలో గుడ్లు, పొదగడం, పిల్లలు ఒకేసారి దెబ్బతింటే మాత్రం వైద్యుడు దాణా బస్తా వైపు చూడాలి.

జనానికి తెలిసింది మే చివర్లో. ఫిబ్రవరిలో కోళ్ళు చెప్పింది మేలో దేశానికి తెలిసింది. ఈ ఆలస్యం మీదే నాకు కోపం. వ్యవసాయ, ఆరోగ్య మంత్రులు రాజీనామా చేశారు, జూన్ 13 ఎన్నికల్లో ప్రభుత్వమే మారిపోయింది.

జీసీఎంఎస్
జనం ఆరోగ్యం మీద శాస్త్రవేత్తలు ఒక్క మాట మీద లేరు. ఒక బృందం ఆ విషం వల్ల ముందు ముందు రాగల క్యాన్సర్లని లెక్కగట్టి 40 నుంచి 8000 దాకా అంది. ఆ రెండు అంకెల మధ్య దూరమే లెక్క ఎంత కష్టమో చెప్తుంది. ఇంకో బృందం, తిన్న కాలం తక్కువ కాబట్టి మొత్తం జనాభా మీద కనిపించేంత ప్రభావం ఉండదంది. ఆ ఘటనకి ముందు 1998లో, తర్వాత 2000లో ఇచ్చిన రక్తదాతల రక్తం పోల్చి చూస్తే పెరుగుదల కనిపించలేదు. సగటు మనిషికి ఇది ఊరట. కానీ తన ఫారం కోళ్ళనే, తన ఫారం గుడ్లనే రోజూ తిన్న రైతు కుటుంబం సగటులో కనిపించదు, నాకు ఎప్పుడూ వాళ్ళే గుర్తొస్తారు.

బెల్జియం తర్వాతే యూరప్‌లో మాంసం, పాలు, గుడ్లు, దాణా అన్నిటికీ డయాక్సిన్ పరిమితులు వచ్చాయి. 2002 నుంచి అమలు.

భీమవరం_చెరువు
మాది వనామీ రొయ్య, మాంసం కాదు, అయినా ఈ నొప్పి మాకు తెలుసు కాబట్టి రాస్తున్నా. మాకు తగులుకున్నది డయాక్సిన్ కాదు, యాంటీబయాటిక్. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్. 2016లో యూరప్ వాళ్ళు ఇండియా చెరువు రొయ్య మీద తనిఖీ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అంటే ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకటి విప్పి చూస్తారు. ఒక కంటైనర్ వెనక్కొస్తే ఎగుమతిదారు నష్టాన్ని మా రేటులోనే కోస్తాడు. వాడనివాడికీ దెబ్బే.

అందుకే యూరప్‌కి పోయే సరుకైతే పట్టుబడికి ముందే పీహెచ్‌టీ, అంటే రొయ్య పట్టకముందు చేసే యాంటీబయాటిక్ పరీక్ష, చేయిస్తాం. చెరువు నాలుగు పక్కలా వల విసిరి రొయ్యలు తీసి, ఐస్‌లో పెట్టి, ల్యాబ్‌కి పంపుతాం. రిపోర్టు వచ్చేదాకా ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, మేత పడుతూనే ఉండాలి, కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఆ రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అయినా నాకు ఆ పరీక్ష మీద కోపం లేదు. నాకు బాధ ఏంటంటే, విదేశాలకి పోయే రొయ్యకి చేసే పరీక్ష మా ఊరి చేపల మార్కెట్‌లో అమ్మే రొయ్యకి లేదు. మా పిల్లలు తినేది ఆ మార్కెట్ సరుకే కదా.

సాల్మియా_చెఫ్
మీ చివరి మాటకి దండం అన్నా.

లిఫీ_ఒడ్డు
అందరూ ఆ అబ్బాయి కార్జం ప్రశ్న వదిలేశారు. అసలు అవసరమైంది అదే. డాక్టరుగారూ, చెప్పండి.

పాడి_డాక్టరు
బాబూ, ఇది శ్రద్ధగా చదువు. ఒంట్లోకి వచ్చిన అపకారాన్నంతా ముందు పట్టుకునేది కార్జమే. గొర్రె కార్జం ఇంకా ప్రత్యేకం. గొర్రె గడ్డిని మొదలంటా కొరుకుతుంది, దాంతో మట్టి కూడా లోపలికి పోతుంది, మట్టిలో ఉన్నది కార్జంలో చేరుతుంది. పైగా డయాక్సిన్‌ని విరగ్గొట్టడంలో గొర్రె ఒళ్ళు నెమ్మది. యూరప్‌లో గొర్రె కార్జాల్లో పరిమితి దాటినవి తరచూ కనిపిస్తుండటంతో 2011లో అక్కడి ఆహార భద్రతా సంస్థ విడిగా పరిశీలించి, గొర్రె కార్జం మామూలుగా తింటూ ఉండటం, ముఖ్యంగా పిల్లలు కనే వయసు స్త్రీలకీ చిన్నపిల్లలకీ, ఆందోళన కలిగించే విషయం కావచ్చని చెప్పింది. కాడ్మియం లోహం కూడా కార్జం, మూత్రపిండాల్లోనే పేరుకుంటుంది. యూరప్ పరిమితులే చూడు: మాంసానికి కిలోకి 0.05 మిల్లీగ్రాములు, కార్జానికి 0.5, మూత్రపిండానికి 1. అక్కడ ఎక్కువ ఉంటుందని తెలిసే ఆ అంకెలు పెట్టారు.

డయాక్సిన్ మాట పక్కన పెట్టినా, గర్భిణికి కార్జం వద్దనడానికి ఇంకో కారణం విటమిన్ ఏ. కార్జంలో అది మరీ ఎక్కువ, కడుపులో బిడ్డకి మంచిది కాదు. ఐర్లండ్, ఇంగ్లండ్ వైద్యులు గర్భిణులకి కార్జం మానమనే చెప్తారు. అత్తగారి మాటలో ప్రేమ ఉంది, రక్తం పట్టాలన్న ఉద్దేశం సరైనదే. దానికి డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు, కొవ్వు తీసిన మాంసం, ఆకుకూరలు, పప్పులు, వాటి మీద నిమ్మరసం. ఆవిడకి నువ్వు చెప్తే బాగుండదేమో, మీ ఆవిడ చేత, లేదా ఆస్పత్రి నర్సు చెప్పిందని చెప్పించు.

కార్క్_కాపురం
చాలా థ్యాంక్స్ డాక్టరుగారూ. ఫ్రీజర్‌లో గొర్రె కార్జం ప్యాకెట్టు ఉంది, తీసేస్తున్నాను. మా ఆవిడ ఇది చదివి ఇంకో ప్రశ్న వేసింది: తన ఒంట్లో ఇప్పటికే ఉన్నది పాల ద్వారా బిడ్డకి పోతుందా? అలాగైతే పాలివ్వొచ్చా?

జీసీఎంఎస్
కొంత పోతుంది, పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి. అయినా పాలివ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవన్నీ లెక్కలోకి తీసుకునే, తల్లిపాల మేలు ఈ ముప్పు కంటే చాలా ఎక్కువని చెప్తోంది. దశాబ్దాలుగా దేశదేశాల్లో తల్లిపాల నమూనాలు పరీక్షిస్తున్నారు, డయాక్సిన్ స్థాయిలు తగ్గుతూ వస్తున్నాయి. చెత్త తగలబెట్టే ప్లాంట్ల పొగని కట్టడి చేయడం, పీసీబీలు నిషేధించడం వల్ల వచ్చిన ఫలితం అది. మీ ఆవిడని ఈ విషయంలో నిశ్చింతగా ఉండమనండి.

మీ దగ్గర ప్యాకెట్టు మీద 2015 నుంచి మేక, గొర్రె, కోడి, పంది మాంసానికి ఎక్కడ పెరిగిందో, ఎక్కడ కోశారో రాయడం తప్పనిసరి. ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ రీకాల్ హెచ్చరికలు ఈమెయిల్‌లో పంపుతుంది, పేరు నమోదు చేసుకోండి. రీకాల్ అని వస్తే ప్యాకెట్టు మీది బ్యాచ్ నంబరు చూడాలి, అందుకని కవరు వంట అయ్యేదాకా పారేయకండి.

భీమవరం_చెరువు
డాక్టరుగారూ, ఒక్క ప్రశ్న. మా బావమరిది తణుకు దగ్గర లేయర్ ఫారం పెట్టాడు, దాణా సొంతంగా కలుపుకుంటాడు. నూనె, మినరల్ మిక్స్ బయట కొంటాడు. తను ఏం జాగ్రత్త తీసుకోవాలి?

పాడి_డాక్టరు
రేటు తక్కువని ఎక్కడ మరిగించిన నూనో తెలియని డ్రమ్ములు కొనొద్దు. బిల్లు మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు లేని మినరల్ మిక్స్ దింపొద్దు. దాణా ఆరబెట్టడానికి పాత టైర్లు, వాడేసిన ఇంజిన్ ఆయిల్ మండించొద్దు, పొగ గింజకి తగలకూడదు. ఫారం పక్కన ప్లాస్టిక్ చెత్త తగలబెట్టనివ్వొద్దు, ఆ బూడిద పడిన మట్టిని కోడి పొడిస్తే అది గుడ్డులోకి వస్తుంది. ప్రతి లాటు నుంచి కిలో దాణా గట్టి డబ్బాలో పోసి, తేదీ, ఎవరి దగ్గర కొన్నదీ రాసి, ఆ మంద అమ్ముడయ్యేదాకా దాచమను. రేపు ఏదైనా తేడా వస్తే ల్యాబ్‌కి పంపడానికి చేతిలో ఉండేది ఆ డబ్బానే.